చుట్టూ వినిపించే ధ్వని – రెండు చెవులు చేసే లెక్క



ఈ పాఠంలో మనం సరౌండ్ సౌండ్ గురించి తెలుసుకుందాం. సినిమా హాల్లో తెరమీద వాన కురిస్తే మన చుట్టూ కురిసినట్టు ఉంటుంది. హెలికాప్టర్ మన వెనకనుంచి వచ్చి, నెత్తిమీదుగా తెరలోకి వెళ్ళిపోయినట్టు వినిపిస్తుంది. ఇది మీ అందరికీ అనుభవమే. సరౌండ్ సౌండ్ అనగానే చాలామంది స్పీకర్లు ఎన్ని, ఎన్ని వాట్లు, ఏ కంపెనీ అని మాట్లాడుతారు. మనం మాత్రం చెవి దగ్గర మొదలుపెట్టి స్పీకర్ దాకా వెళ్దాం. అలా వెళ్తేనే స్పీకర్లను ఆ చోట్లలోనే ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

మొదట ఒక ప్రశ్న. మీరు రోడ్డు పక్కన నడుస్తున్నారు. వెనక కుడివైపునుంచి ఆటో హారన్ వినిపించింది. అది వెనకనుంచి, అదీ కుడివైపునుంచి వచ్చిందని మీకు ఎలా తెలిసింది? చెవిలోకి చేరేది గాలి పీడనంలో హెచ్చుతగ్గులు మాత్రమే. ఆ హెచ్చుతగ్గులకు కర్ణభేరి లోపలికీ బయటికీ కదులుతుంది. ఆ కదలికలో "కుడి", "వెనక" అనే గుర్తులేవీ ఉండవు.

కంటితో పోల్చి చూడండి. కంటిలోని రెటీనా మీద ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క చోటు ఉంది. కుడివైపు వస్తువు ఒకచోట, ఎడమవైపు వస్తువు ఇంకొకచోట పడుతుంది. లోపలి చెవిలోని కర్ణావర్తంలో అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ ఒక్కొక్క చోటు ఒక్కొక్క పౌనఃపున్యానికి కేటాయించబడి ఉంది. అంటే ధ్వని ఎంత కీచుగా ఉందో, ఎంత బొంగురుగా ఉందో చెవి చెబుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పదు. దాన్ని మెదడు లెక్కకట్టి తెలుసుకోవాలి. సరౌండ్ సౌండ్ అంటే ఆ లెక్కకు కావలసిన అంకెలను స్పీకర్ల ద్వారా అందించడం. ఈ పాఠం సారమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

1. రెండు చెవులు – రెండు తేడాలు

గాలిలో 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ధ్వని సరిగ్గా కుడివైపునుంచి వస్తే ముందు కుడి చెవిని తాకుతుంది. తలను చుట్టుకుని ఎడమ చెవికి చేరడానికి మరో 22 సెంటీమీటర్లు ప్రయాణించాలి. 0.22ను 343తో భాగించండి. సుమారు 0.64 మిల్లీసెకన్లు వస్తుంది. మన తల పరిమాణానికి ఇదే అత్యధిక కాలభేదం. ధ్వని ఎదురుగా ఉంటే తేడా సున్నా. మిగిలిన దిక్కులన్నీ ఈ రెండు అంకెల మధ్యలో ఉంటాయి.

రెండో తేడా తీవ్రతలో ఉంటుంది. తల ధ్వనికి అడ్డుగా నిలిచి అవతలి చెవి మీద ఒక రకమైన "నీడ" వేస్తుంది. అయితే ఈ నీడ అన్ని ధ్వనులకూ ఒకేలా పడదు. 200 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 1.7 మీటర్లు. అంత పొడవైన తరంగానికి మన తల పెద్ద అడ్డు కాదు, అది వివర్తనం చెంది తలను చుట్టుకుని వెళ్ళిపోతుంది. 5,000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 7 సెంటీమీటర్ల లోపే. దానికి తల గోడలాంటిది. కీచు ధ్వనులలో రెండు చెవుల మధ్య తీవ్రతాభేదం 20 డెసిబెల్స్ దాకా ఉండవచ్చు.

ఈ రెండింటినీ కలిపి వివరించినవాడు లార్డ్ రేలీ. ఆర్గాన్ వాయువును కనుగొన్నందుకు 1904లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త ఆయనే. తక్కువ పౌనఃపున్యాల దగ్గర కాలభేదాన్ని, ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర తీవ్రతాభేదాన్ని వాడుకుని మనం దిక్కు తెలుసుకుంటామని 1907లో ఆయన ప్రతిపాదించాడు. ఈ రెండింటి సరిహద్దు సుమారు 1,500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 1,500 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం ఎంతో లెక్క కట్టండి. సుమారు 23 సెంటీమీటర్లు, అంటే తల చుట్టూ ఉన్న దారికి దాదాపు సమానం. సరిహద్దు అక్కడే ఉండటం కాకతాళీయం కాదు.

కాలభేదాన్ని గుర్తించడంలో మన మెదడుకున్న సూక్ష్మత ఆశ్చర్యం కలిగిస్తుంది. అనుకూలమైన పరిస్థితులలో 10 మైక్రోసెకన్ల తేడాను, అంటే సెకనులో లక్షో వంతును మనం గుర్తించగలం. ఒక నాడీకణం పంపే సంకేతమే సుమారు ఒక మిల్లీసెకను ఉంటుంది. దానిలో నూరో వంతు తేడాను మెదడు పట్టుకుంటోందన్నమాట. ఈ పని మెదడు కాండంలో, ఆలివ్ కాయను పోలి ఉన్నందున ఆ పేరుతోనే పిలిచే నాడీ కేంద్రంలో మొదలవుతుంది. రెండు చెవులనుంచి వచ్చే సంకేతాలు మొట్టమొదట కలిసే ముఖ్యమైన చోటు అదే.

ఈ ప్రయోగాన్ని మీరే చేసి చూడవచ్చు. రెండు మీటర్ల పొడవున్న సన్నని రబ్బరు గొట్టం తీసుకోండి. సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టండి. ఒక విద్యార్థిని కళ్ళు మూసుకుని కూర్చోమనండి. గొట్టం రెండు కొనలను రెండు చెవుల దగ్గర పట్టుకోవాలి, చెవిలోకి దూర్చకూడదు. మరొకరు వెనక నిలబడి పెన్సిలుతో గొట్టాన్ని మెల్లగా తట్టాలి. సరిగ్గా మధ్యలో తడితే "మధ్య" అంటాడు. రెండు మూడు సెంటీమీటర్లు కుడికి జరిపి తట్టండి, చాలామంది "కుడి" అని చెప్పేస్తారు. మూడు సెంటీమీటర్లు జరిపితే రెండు దారుల తేడా ఆరు సెంటీమీటర్లు, అంటే సుమారు 175 మైక్రోసెకన్లు. స్టాప్‌వాచీతో కొలవలేని కాలాన్ని మీ స్నేహితుడు చెవులతో కొలిచాడు. ఒక జాగ్రత్త: గొట్టంలోకి ఎవరూ అరవకూడదు.

2. ముందా, వెనకా? పైనా, కిందా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సరిగ్గా ఎదురుగా ఉన్న ధ్వనికి కాలభేదం సున్నా. సరిగ్గా వెనక ఉన్నదానికీ సున్నాయే. నెత్తిమీద ఉన్నదానికీ సున్నాయే. మరి వీటిని ఎలా వేరు చేస్తున్నాం? లార్డ్ రేలీ కూడా శృతిదండాలతో ప్రయోగాలు చేసినప్పుడు ఈ ఇబ్బందిని గమనించాడు. కళ్ళు మూసుకున్న మనిషి శృతిదండం కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో చెప్పగలిగాడు గాని, ముందుందో వెనకుందో చెప్పలేకపోయాడు. మనిషి మాట విషయంలో మాత్రం అంత తికమక లేదు.

మెదడు ఈ చిక్కును రెండు విధాలుగా విప్పుతుంది. ఒకటి, తల తిప్పడం. ధ్వని ఎదురుగా ఉందనుకోండి. మీరు తలను కొద్దిగా కుడికి తిప్పితే ఎడమ చెవి దానికి దగ్గరవుతుంది. ధ్వని వెనక ఉంటే, తలను అదే కుడికి తిప్పినప్పుడు కుడి చెవి దగ్గరవుతుంది. తేడా ఎటువైపు మారిందో చూసి మెదడు ముందూ వెనకా నిర్ణయిస్తుంది. ఈ విషయాన్ని హాన్స్ వాలాక్ 1940లో ప్రయోగాలతో చూపించాడు. చప్పుడు వినగానే మనకు తెలియకుండానే తల కొద్దిగా కదిలించడం వెనక ఉన్న ప్రయోజనం ఇదే.

రెండోది, చెవిడొప్ప. మనం కమ్మలు పెట్టుకోవడానికి, కళ్ళద్దాలు ఆనించుకోవడానికి వాడుకునే ఈ మెలికల భాగం నిజానికి ఒక జల్లెడ. పైనుంచి వచ్చిన ధ్వని డొప్పలోని మడతలను ఒకలా తాకి పరావర్తనం చెందుతుంది, కిందనుంచి వచ్చింది మరొకలా. ఆ పరావర్తనాలవల్ల కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి, కొన్ని తగ్గిపోతాయి. ఆ హెచ్చుతగ్గుల నమూనాను బట్టి మెదడు ఎత్తును పోల్చుకుంటుంది. డొప్ప కొద్ది సెంటీమీటర్ల పరిమాణంలో ఉంటుంది కాబట్టి, ఇది సుమారు 5,000 హెర్ట్జ్‌కు పైబడిన ధ్వనులకే బాగా పనిచేస్తుంది. శృతిదండం ఒకే పౌనఃపున్యం గల ధ్వని. అందులో జల్లెడ పట్టడానికి ఏమీ లేదు. రేలీ ప్రయోగంలో తికమకకు కారణం అదే.

ఏ ఇద్దరి చెవిడొప్పలూ ఒకేలా ఉండవు. అంటే ఎవరి జల్లెడ వారిదే, మెదడు దాన్ని అనుభవంతో నేర్చుకోవాలి. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొద్దిమంది పెద్దవాళ్ళ చెవిడొప్పలలో చిన్న అచ్చులు అమర్చి ఆకారం మార్చారు. వెంటనే వాళ్ళకు ధ్వని ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా పోయింది. కుడి ఎడమలు మాత్రం మామూలుగానే తెలిశాయి. ఆ అచ్చులతోనే కొన్ని వారాలు తిరిగాక మళ్ళీ ఎత్తు తెలియసాగింది. మెదడు కొత్త చెవులను నేర్చుకుంది. అచ్చులు తీసేశాక పాత చెవులతో కూడా ఇబ్బంది లేకుండా వినగలిగారు. రెండో భాష నేర్చుకున్నంత మాత్రాన మాతృభాష మరిచిపోము కదా, అలాగన్నమాట.

3. ముందు వచ్చినదానికే పెద్దపీట

తరగతి గదిలో ఉపాధ్యాయుడి మాట మీకు నేరుగా ఒకసారే చేరదు. గోడలు, పైకప్పు, నేల – అన్నిటినుంచీ పరావర్తనం చెంది పదులసార్లు చేరుతుంది. ఉపాధ్యాయుడి వెనక గోడ మూడు మీటర్ల దూరంలో ఉంటే, దానినుంచి వచ్చే ధ్వని ఆరు మీటర్లు ఎక్కువ ప్రయాణించి, సుమారు 17 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అయినా మీకు పదిమంది ఉపాధ్యాయులు పదివైపులనుంచి మాట్లాడుతున్నట్టు అనిపించదు. ఎందుకు?

మెదడు ముందుగా వచ్చిన ధ్వని దిక్కునే అసలు దిక్కుగా తీసుకుంటుంది. ఆ తరువాత కొద్ది మిల్లీసెకన్లలో వచ్చే ప్రతులను దానిలోనే కలిపేస్తుంది. దీన్ని ప్రథమాగమన ప్రభావం అనవచ్చు. 1949లో వాలాక్, ఆయన సహచరులు అమెరికాలోను, హెల్ముట్ హాస్ జర్మనీలోను దీనిమీద ముఖ్యమైన ప్రయోగాలు చేశారు. మాటల విషయంలో 5 నుంచి 30 మిల్లీసెకన్ల ఆలస్యంగా వచ్చిన ప్రతి, మొదటిదానికంటే 10 డెసిబెల్స్ దాకా ఎక్కువగా ఉన్నా సరే, విడి ధ్వనిగా వినపడదని హాస్ గమనించాడు.

ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే 0.1 సెకను తేడా ఉండాలని, పరావర్తన తలం కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. దానికి ఈ మాట చేర్చుకోండి: అంతకంటే ముందుగా వచ్చే పరావర్తనాలు వృథా కావు. గది ఎంత పెద్దదో, గోడలు గట్టివో మెత్తవో అవే చెబుతాయి. ఖాళీ ఇంట్లో మాట్లాడితే "ఇల్లు ఖాళీగా ఉంది" అని కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ధ్వని చుట్టూ ఆవరించి ఉందన్న భావన కూడా పక్కగోడలనుంచి వచ్చే ఈ పరావర్తనాలవల్లే ఎక్కువగా కలుగుతుంది.

4. రెండు స్పీకర్లు – లేని చోటినుంచి వినిపించే పాట

ఇక యంత్రాల వైపు వద్దాం. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమా అదేర్ ఒపేరా వేదికమీద టెలిఫోన్ గ్రాహకాలను అమర్చి, ప్రదర్శనశాలలోని శ్రోతలకు చెవికొకటి చొప్పున రెండు టెలిఫోన్లు ఇచ్చాడు. గాయకులు వేదికమీద అటూ ఇటూ కదలడం కూడా వినేవారికి తెలిసింది. 1931 డిసెంబరులో ఇంగ్లండులో అలన్ బ్లుమ్‌లైన్ స్టీరియో ధ్వనిమీద పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1933 ఏప్రిల్ 27న బెల్ లేబొరేటరీస్ వారు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను మూడు మైకులు, మూడు తీగలు, మూడు స్పీకర్ల ద్వారా వాషింగ్టన్‌లోని ప్రేక్షకులకు వినిపించారు. మూడో స్పీకరు మధ్యలో ఎందుకు పెట్టారో ఇప్పుడు చూద్దాం.

ఎడమ స్పీకరు, కుడి స్పీకరు, మీరు – ముగ్గురూ ఒక సమబాహు త్రిభుజం మూలల్లో ఉన్నారనుకోండి. రెండు స్పీకర్లనుంచీ ఒకే పాట ఒకే తీవ్రతతో వస్తోంది. రెండు చెవులకూ సమానంగా అందుతుంది. కాలభేదం సున్నా, తీవ్రతాభేదం సున్నా. మెదడు లెక్క ప్రకారం గాయకుడు సరిగ్గా మధ్యలో ఉన్నాడు. అక్కడ స్పీకరు లేదు, అయినా గొంతు అక్కడినుంచే వస్తుంది. ఒక స్పీకరు తీవ్రత కాస్త పెంచితే గాయకుడు అటువైపు జరుగుతాడు. తేడా సుమారు 15 డెసిబెల్స్ దాటితే పూర్తిగా ఆ స్పీకరులోకే వెళ్ళిపోతాడు.

ఇప్పుడు మీరు 30 సెంటీమీటర్లు కుడికి జరిగి కూర్చోండి. రెండు దారుల తేడా దాదాపు 30 సెంటీమీటర్లు అవుతుంది, అంటే సుమారు 0.9 మిల్లీసెకన్లు. కుడి స్పీకరు ధ్వని ముందు వచ్చింది. ప్రథమాగమన ప్రభావం పనిచేసింది. మధ్యలో ఉన్న గాయకుడు కుడి స్పీకరు దగ్గరికి లాగబడ్డాడు. ఇంట్లో ఒక్కరే వింటే సరిగ్గా మధ్యలో కూర్చోవచ్చు. సినిమా హాల్లో వందలమంది కూర్చుంటారు, అందరూ మధ్యలో కూర్చోలేరు. అందుకే తెర వెనక మధ్యలో నిజంగానే ఒక స్పీకరు పెట్టి, పాత్రల సంభాషణలను ఎక్కువగా దానికే అప్పగిస్తారు. హీరో మాట హాల్లో అన్ని సీట్లవాళ్ళకూ హీరో దగ్గరినుంచే వినిపించాలి కదా.

5. 5.1 వెనక ఉన్న శ్రవణ సూత్రాలు

1940లో వచ్చిన వాల్ట్ డిస్నీ చిత్రం "ఫాంటేసియా"కు కొన్ని హాళ్ళలో ప్రేక్షకుల చుట్టూ కూడా స్పీకర్లు అమర్చారు. తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం "సింహాసనం" 1986లో ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో విడుదలైంది. 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్"తో డాల్బీ డిజిటల్, 1993లో "జురాసిక్ పార్క్"తో డీటీఎస్ పద్ధతులు హాళ్ళకు వచ్చాయి. 5.1 అంటే ముందు మూడు, పక్కవెనకల రెండు, వెరసి ఐదు ప్రధాన మార్గాలు, ".1" అంటే బొంగురు ధ్వనులకు ప్రత్యేకించిన ఒక పరిమిత మార్గం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం ముందు స్పీకర్లు మధ్యరేఖకు చెరో 30 డిగ్రీల దగ్గర, సరౌండ్ స్పీకర్లు చెరో 100 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ ఏర్పాటులో ప్రతి అంశానికీ చెవిలో ఒక కారణం ఉంది.

మొదటిది, స్పీకర్లు ముందువైపే ఎందుకు ఎక్కువ? ఎదురుగా ఉన్నప్పుడు మనం ఒక డిగ్రీ తేడాను కూడా పసిగట్టగలం. పక్కలకు వెళ్ళేకొద్దీ ఆ సూక్ష్మత బాగా తగ్గుతుంది. చెవి సూక్ష్మంగా ఉన్నచోట స్పీకర్లు దగ్గరదగ్గరగా, మొద్దుగా ఉన్నచోట దూరదూరంగా పెట్టారు.

రెండోది, సరౌండ్ స్పీకర్లు సరిగ్గా వీపు వెనక కాకుండా పక్కలకు ఎందుకు? ఆవరించి ఉన్న భావన కలగాలంటే రెండు చెవులకూ వేర్వేరు ధ్వనులు చేరాలి. పక్కలనుంచి వచ్చినప్పుడే అది బాగా జరుగుతుంది. వెనక ఒకే స్పీకరు ఉంటే రెండు చెవులకూ ఒకే ధ్వని చేరుతుంది, పైగా ముందూ వెనకా తికమక పడే అవకాశం ఉంది.

మూడోది, ముందు ఎడమ స్పీకరుకూ సరౌండ్ ఎడమ స్పీకరుకూ మధ్యలో ఒక పక్షి కూతను నిలపడం కష్టం. రెండు స్పీకర్లూ ఒకే పక్కన ఉన్నాయి. వాటి తీవ్రతను ఎంత మార్చినా రెండు చెవుల మధ్య తేడా మనం కోరినట్టు మారదు. కూత ఇటో అటో గెంతుతుంది. సినిమాల్లో పక్కలనుంచి వెళ్ళే ధ్వనులు నిలబడకుండా వేగంగా దూసుకుపోవడానికి ఇదొక కారణం. 7.1 పద్ధతిలో పక్కలకు విడిగా స్పీకర్లు చేర్చింది ఈ లోపాన్ని తగ్గించడానికే.

నాలుగోది, బొంగురు ధ్వనుల సబ్‌వూఫర్‌ను గదిలో దాదాపు ఎక్కడైనా పెట్టవచ్చంటారు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. మన గదులు అంతకంటే చిన్నవి. గోడలనుంచి వచ్చే పరావర్తనాలన్నీ కలిసిపోవడంతో దిక్కు పోల్చుకోవడం చెవికి కష్టమవుతుంది. అంతేకాదు, బొంగురు ధ్వనులకు మన చెవి అంత చురుకైనది కాదు. 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్‌తో వినిపించే ధ్వనికి సమానంగా 100 హెర్ట్జ్ ధ్వని వినిపించాలంటే దాన్ని 60 డెసిబెల్స్‌కు పైగా పెంచాలి. సబ్‌వూఫర్ పెద్దదిగా, ఎక్కువ శక్తి గలదిగా ఉండటానికి కారణం ఇదే.

ఐదోది, ఆలస్యం. హాలు పొడవు 30 మీటర్లు అనుకోండి. తెర దగ్గరి ధ్వని చివరి వరుసకు చేరడానికి సుమారు 87 మిల్లీసెకన్లు పడుతుంది. చివరి వరుసవారికి గోడమీది సరౌండ్ స్పీకరు పక్కనే ఉంది. రెండూ ఒకేసారి మోగితే అందరికంటే ముందు చేరేది గోడ స్పీకరు ధ్వనే. అప్పుడు తెరమీది మనిషి గోడలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకని సరౌండ్ స్పీకర్లకు ధ్వనిని కావాలనే కాస్త ఆలస్యంగా పంపుతారు. పెద్ద బహిరంగ సభల్లో దూరంగా కట్టిన స్పీకర్లకు కూడా ఇదే సూత్రం వాడుతారు.

ఇన్ని స్పీకర్లున్నా 5.1లో ఎత్తు లేదు. ఎత్తు తెలిపేది చెవిడొప్ప జల్లెడ. కింద ఉన్న స్పీకర్లతో ఆ జల్లెడను నమ్మించడం కష్టం. 2012లో "బ్రేవ్" చిత్రంతో వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతిలో పైకప్పుమీద స్పీకర్లు అమర్చడానికి కారణం ఇదే. ఈ పద్ధతిలో ఒక ధ్వనిని ఫలానా స్పీకరుకు అని కాకుండా "ఫలానా చోట ఉండాలి" అని నమోదు చేస్తారు. ఆ హాల్లో ఉన్న స్పీకర్లను బట్టి యంత్రం అక్కడికక్కడే పంపకం చేస్తుంది.

6. ఇయర్‌ఫోన్లు, కళ్ళు

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మామూలు స్టీరియో పాట వింటే గాయకుడు మన తల లోపల ఉన్నట్టు అనిపిస్తుంది. కారణం మీరే చెప్పగలరు. చెవిడొప్ప జల్లెడ పక్కకు తప్పుకుంది. తల తిప్పినా ధ్వని తలతోపాటే తిరుగుతుంది. గది పరావర్తనాలు లేవు. మెదడుకు కావలసిన గుర్తులు లేకపోయేసరికి ధ్వనిని బయట ఎక్కడా నిలపలేకపోతుంది. ఆ గుర్తులను లెక్కకట్టి ధ్వనిలో కలిపితే రెండు ఇయర్‌ఫోన్లతోనే చుట్టూ ఉన్న ప్రపంచాన్ని వినిపించవచ్చు. తల కదలికను కొలిచి ధ్వనిని దానికి తగినట్టు మార్చే ఇయర్‌ఫోన్లు కూడా వచ్చాయి. అయితే ఆ లెక్కలో వాడేది సాధారణంగా ఒక సగటు చెవిడొప్ప. మీ చెవి ఆ సగటుకు దూరంగా ఉంటే ముందూ వెనకా తారుమారు కావచ్చు. ఒకే ఇయర్‌ఫోన్ ఒకరికి అద్భుతంగా, మరొకరికి మామూలుగా అనిపించడంలో వింతేమీ లేదు.

చెవి లెక్కలో కంటికీ భాగముంది. తోలుబొమ్మలాటలో పాడేవారు, మాట్లాడేవారు తెర వెనక కూర్చుంటారు. అయినా రావణుడి మాట రావణుడి బొమ్మనుంచి, కేతిగాడి మాట కేతిగాడి బొమ్మనుంచి వచ్చినట్టే ఉంటుంది. ఎవరి మాటకు ఏ బొమ్మ కదిలితే మెదడు ఆ మాటను ఆ బొమ్మకు అంటగడుతుంది. టీవీ స్పీకరు కిందో వెనకో ఉన్నా, వార్తలు చదివేవారి నోటినుంచే మాటలు వస్తున్నట్టు ఉండటానికి కారణమూ ఇదే.

7. ఈ లెక్క చెడిపోకుండా

ఇంతసేపు చెప్పుకున్నదంతా రెండు చెవులూ బాగా పనిచేసినప్పటి మాట. ఒక్కొక్క చెవిలో, ధ్వనిని నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపే లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500 మాత్రమే. ఇవి నశిస్తే మనుషుల్లో తిరిగి పుట్టవు. పెద్ద ధ్వనులవల్ల మొదట దెబ్బతినేది సాధారణంగా 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ ప్రాంతం. "స", "శ", "ష" వంటి అక్షరాల స్పష్టత, చెవిడొప్ప ఇచ్చే దిక్కుల గుర్తులు ఉండేది ఆ ప్రాంతంలోను, దానికి పైననే. అందుకే వినికిడి తగ్గడం మొదలైనవారు "వినపడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. పెళ్ళి పందిట్లో పదిమంది మాట్లాడుతుంటే ఒక్కరి మాట విడదీసి వినలేకపోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ధ్వని శక్తి రెట్టింపవుతుంది కాబట్టి వినదగిన కాలం సగమవుతుంది. 90 డెసిబెల్స్ దగ్గర అది వారానికి 4 గంటలు మాత్రమే. ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నడిచినప్పుడు, బస్సు మోతను మించి వినాలని ఫోనులో ధ్వని పెంచినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. విన్నాక చెవుల్లో గుయ్‌మని మోగుతుంటే పరిమితి దాటినట్టే.

మరొక ముఖ్యమైన విషయం. "రోడ్డుమీద ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను, రెండో చెవి ఖాళీగానే ఉందిగా" అని కొందరంటారు. హారన్ వినపడుతుంది, నిజమే. అది ఎటువైపునుంచో చెప్పే లెక్కకు మాత్రం రెండు అంకెలు కావాలి. ఒక అంకెను మీరు చేతులారా చెరిపేశారు. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర రెండు చెవులూ తెరిచి ఉంచుకోవాలి.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో పిలిచినవైపు కాక మరోవైపు చూస్తున్నా, ఎప్పుడూ ఒకే చెవిని ముందుకు తిప్పుతున్నా, చెవిలో చీము కారుతున్నా డాక్టరుకు చూపించమని పెద్దవాళ్ళకు చెప్పండి. పరధ్యానం అనుకుని కోప్పడితే ప్రయోజనం లేదు. చిన్నప్పుడు పట్టుకుంటే చాలావరకు సరిచేయవచ్చు.

సారాంశం

ధ్వనికి దిక్కు తెలిపే గుర్తు ఉండదు. రెండు చెవుల మధ్య కాలభేదం, తీవ్రతాభేదం, చెవిడొప్ప చేసే మార్పు, తల కదలిక, ముందు వచ్చిన ధ్వని – వీటినుంచి మెదడు దిక్కును నిర్ణయిస్తుంది. మధ్య స్పీకరు, సరౌండ్ స్పీకర్ల కోణం, ఆలస్యం, సబ్‌వూఫర్, పైకప్పు స్పీకర్లు – ఇవన్నీ ఆ నిర్ణయానికి తగినట్టు చేసిన ఏర్పాట్లు. హాల్లో ఎంత ఖరీదైన స్పీకర్లున్నా చివరి పని మీ రెండు చెవుల మధ్యనే జరుగుతుంది.

ఆలోచించండి – చేసి చూడండి

1. కళ్ళు మూసుకుని, మొదట రెండు చెవులతోను, తరువాత ఒక చెవి మూసుకుని, స్నేహితుడు తాళంచెవుల గుత్తి ఎక్కడ మోగిస్తున్నాడో వేలితో చూపించండి. పదేసిసార్లు చేసి తప్పులు లెక్కపెట్టండి.

2. ఏనుగు తల మన తలకంటే చాలా పెద్దది. దాని రెండు చెవుల మధ్య అత్యధిక కాలభేదం మనకంటే ఎక్కువా, తక్కువా? ఎందుకు?

3. నీటిలో ధ్వని వేగం గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. చెరువులో మునిగినప్పుడు పడవ మోటారు ఎటువైపు ఉందో చెప్పడం ఎందుకు కష్టం?

4. మీ తరగతి గదిలో రెండు స్పీకర్లు పెట్టి ఒకే మాటను వినిపించాలి. గదిలో ఎక్కడ కూర్చున్నవారికి ఆ మాట మధ్యలోంచి వస్తుంది? ఎవరికి రాదు? నేలమీద సుద్దతో గీసి చూపించండి.